ఏడు బై తొమ్మిది

ఆదివారం ఉదయం ఏడింటికల్లా తమ్ముడు డైనింగ్ టేబుల్ మీదున్న నీళ్ళ సీసాలు, పళ్ళ బుట్ట, నిన్నటి పేపరు అన్నీ ఎత్తి ఫ్రిజ్ మీద పెట్టేశాడు. టేబుల్ తుడిచి పెద్ద తెల్ల కాగితం పరిచి, పక్కన స్కేలు, రెండు రంగుల పెన్నులు, కాలిక్యులేటరు వరసగా సర్దుకున్నాడు. ఇన్సూరెన్స్ ఆఫీసులో ఇరవై ఏళ్ళుగా ఊళ్ళోవాళ్ళ నష్టాలకి లెక్కలు కట్టిన మనిషి. సొంతింటి మరమ్మతుకి లెక్క కట్టే రోజు వచ్చినందుకు అతని మొహం వెలిగిపోతోంది.

హాల్లో అక్కయ్య దివాన్ మీది దుప్పటి మడత పెడుతోంది. దుప్పటి, దిండు, పలచటి పరుపు మూడూ దివాన్ కింది సొరుగులోకి వెళ్ళిపోయాయి. పైన పూల గుడ్డ పరిచి, రెండు గుండ్రటి దిండ్లు పెట్టింది. అయిదు నిమిషాల్లో అక్కడ ఒక మనిషి రాత్రంతా పడుకుందన్న ఆనవాలు లేకుండా పోయింది. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆమెకి ఇదే మొదటి పని.

ఆమెకి యాభై నాలుగేళ్ళు. తమ్ముడికంటే పదేళ్ళు పెద్ద. వీధిలో వాళ్ళకీ, ఆమె పనిచేసే యూనిఫారాల కార్ఖానాలో ముప్పై మంది ఆడవాళ్ళకీ, ఆఖరికి జుట్టు నెరిసిన ఆ యజమానికి కూడా ఆమె అక్కయ్యే. అక్కడ ఆమెది కటింగ్. నలభై వరసల గుడ్డ ఒకదాని మీద ఒకటి పరిచి, పైన సుద్దతో గీసి, మిషనుతో ఒక్క కోతలో నలభై చొక్కాల చేతులు తీస్తుంది. ఆమె గీసిన చోట జానెడు గుడ్డ కూడా వృథా పోదని యజమాని కొత్తవాళ్ళకి చెప్తుంటాడు.

ఇంట్లో ఉన్నవి రెండు పడగ్గదులు. అమ్మ మంచాన పడ్డప్పుడు ఒకటి అమ్మకిచ్చారు, రెండోది పరీక్షలకి చదువుకునే తమ్ముడికి. అప్పుడు ఇరవై ఆరేళ్ళ అక్కయ్య అమ్మ పిలిస్తే వినబడేలా హాల్లో పడుకుంది. సంబంధాలు వచ్చాయి. అమ్మని చూసేదెవరు అన్న ప్రశ్న దగ్గర ఒక్కొక్కటే వెనక్కి పోయాయి. తమ్ముడికి ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది. అమ్మ పోయిన ఏడే పాప పుట్టింది. అమ్మ గది పాప గది అయింది. అక్కయ్య హాల్లోనే ఉండిపోయింది. అక్కడే ఉండమని ఆమెకి ఎవరూ చెప్పలేదు, లోపలికి రమ్మని కూడా అనలేదు.

"అందరూ వినండి," అన్నాడు తమ్ముడు పెన్నుతో టేబుల్ మీద కొడుతూ. "మొత్తం పన్నెండు లక్షలు. బ్యాంకు లోను ఎనిమిది, మన చేతిలోది నాలుగు. ఒకటి, పైకప్పు లీకు. రెండు, వంటిల్లు. మూడు, నాలుగు, బాత్రూములు..."

"వంటింట్లో గట్టు ఇంకో ఆరంగుళాలు ఎత్తు లేపాలండీ," అంది మరదలు టీ వడకడుతూ. ఆమె చిన్నపిల్లల బడిలో టీచరు. "రోజంతా బల్లల మీద వంగి వంగి, ఇంటికొచ్చి మళ్ళీ వంగాలంటే నావల్ల కావట్లేదు."

"రాశాను."

"నాన్నా, నా గదికి బాల్కనీ," అంది పిట్ట. పేరు వేరే ఉంది కానీ, సన్నగా ఉండి గలగలా మాట్లాడుతుందని ఇంట్లో అందరికీ పిట్టే. పదిహేడేళ్ళు.

"నేలమీదున్న గదికి బాల్కనీ ఏమిటే?"

"కిటికీ తీసేసి తలుపు పెడితే సరి. బయట రెండు కుండీలు పెట్టుకుని దాన్నే బాల్కనీ అనుకుంటాను."

"అనుకోడానికి ఖర్చేముంది, ఇప్పటినుంచే అనుకో," అన్నాడు తమ్ముడు. అందరూ నవ్వారు, అక్కయ్య కూడా.

"ఇంక అక్క సంగతి. మర్చిపోయాననుకున్నారా? ఇదిగో, పదకొండో నంబరు. దివాన్‌కి కొత్త పరుపు. ఆషామాషీది కాదు, నడుంనొప్పికి డాక్టర్లు రాసే రకం." పరీక్షలో మార్కులు చూపించే పిల్లాడిలా ఆమె మొహంలోకి చూశాడు.

"ఎందుకురా నాకు అంత ఖరీదైనది," అంది అక్కయ్య. ఖాళీ కప్పులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పింది. కప్పులు కడగడం అయిపోయాక కూడా నీళ్ళు కాసేపు అలా పోతూనే ఉన్నాయి.

పదింటికి మేస్త్రి వచ్చాడు. చెవి సందులో పెన్సిలు, నడుముకి టేపు. డాక్టరు రోగి వీపు తట్టినట్టు ప్రతి గోడనీ వేలి కణుపుతో తట్టి, చెవి ఆనించి విన్నాడు.

"ఈ గోడకి ఇంకా ముప్పై ఏళ్ళ ఆయుష్షుంది సార్. ఆ గోడని మాత్రం నేను నమ్మను."

అలా తట్టుకుంటూ ఇంటి వెనక్కి వచ్చి ఆగాడు. వంటింటికీ బాత్రూముకీ మధ్య లోపలికి నొక్కినట్టున్న వరండా అది. పాత సైకిలు, చక్రం విరిగిన కూలరు, ఖాళీ పెయింటు డబ్బాలు పడున్నాయి.

"బంగారం లాంటి చోటు చెత్తకి వదిలేశారేంటి సార్? మూడు వైపులా గోడలున్నాయి, పైన స్లాబుంది. నాలుగో గోడ లేపి, ఓ తలుపు, ఓ కిటికీ బిగిస్తే గదే." టేపు లాగాడు. "ఏడు బై తొమ్మిది. లక్షన్నరలో అయిపోతుంది."

అక్కయ్య టీ కప్పుల పళ్ళెం పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. మెడ చాచి టేపు మీది అంకెల్లోకి చూసింది.

"గది లేపితే ఎవరుంటారు అందులో?" అన్నాడు తమ్ముడు.

"ఎవరో ఒకరు సార్. మీరు గది కట్టండి, మనిషి తనంతట తనే దొరుకుతాడు."

తమ్ముడు కాసేపు ఆలోచించి కాగితం మీద రాశాడు. 'పన్నెండు. వెనక గది. చూద్దాం.'

ఆ 'చూద్దాం' అన్న మాట పట్టుకుని అక్కయ్య మూడు వారాలు గాల్లో తేలింది.

మర్నాడు ఇంట్లో ఎవరూ లేనప్పుడు తన టేపుతో మళ్ళీ కొలిచింది. మేస్త్రి లెక్క సరిగ్గానే ఉంది, పొడుగులో రెండంగుళాలు ఎక్కువే వచ్చింది. ఆ రెండంగుళాలకి ఆమె సంతోషం చెప్పనలవి కాదు. కార్ఖానాలో భోజనాల వేళ, నమూనాలు కత్తిరించే గోధుమరంగు కాగితం ఒకటి తీసుకుని అడుగుకి అంగుళం చొప్పున గది గీసింది. విడిగా ఒక మంచం, సన్నటి బీరువా, ఒక చిన్న టేబుల్, కుర్చీ కత్తిరించింది. వాటిని గదిలో అటూ ఇటూ జరుపుతూ కూర్చుంది.

"ఏంటక్కా, కొత్త ఆర్డరా?" పక్కనే గుండీలు కుట్టే ఆవిడ తొంగి చూసింది. ఆవిడని అందరూ గుండీలమ్మ అంటారు.

"ఊఁ. ఒక్కటే పీసు."

"కొలతలెవరివి?"

"నావే," అంది అక్కయ్య కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంటూ. గుండీలమ్మకి అర్థం కాలేదు కానీ, ఇన్నేళ్ళలో అక్కయ్య మొహం అంత తేటగా ఉండడం ఎప్పుడూ చూడలేదు.

గది ఉంటే ఏం చెయ్యాలో ఆమెకి తెలుసు. బట్టలు మార్చుకోడానికి బాత్రూములోకి పోనక్కర్లేదు. ఆదివారం మధ్యాహ్నం కాళ్ళు చాపుకుని మోకాళ్ళకి నూనె రాసుకోవచ్చు. ఎవరైనా వస్తే చటుక్కున లేచి కూర్చుని జుట్టు సర్దుకోనక్కర్లేదు. ఏడుపొస్తే ఏడవచ్చు. ఏడుపు రాకపోయినా తలుపు వేసుకుని ఊరికే కూర్చోవచ్చు.

నోరు తెరిచి అడిగితే తమ్ముడు కాదనడు. ఆ సంగతి ఆమెకి బాగా తెలుసు. అందుకే అడగలేకపోయింది. అడిగించుకుని ఇచ్చిన గదిలో ఆమెకి నిద్ర పట్టదు. వాడంతట వాడికి తోచాలి. ఏదో ఒకరోజు కాగితంలోంచి తలెత్తి, 'ఆ గది నీకక్కా' అనాలి. ఆ ఒక్క మాట కోసం రోజూ సాయంత్రం తమ్ముడు లెక్కలు ముందేసుకునే వేళకి ఏదో ఒక పని కల్పించుకుని టేబుల్ దగ్గరే తిరిగేది.

మాట అయితే వచ్చింది కానీ వేరే దారిలో వచ్చింది.

"ఆ వెనక గది నాకు వదిలెయ్యండి," అంది మరదలు ఒక సాయంత్రం. "వాషింగ్ మెషీను, బియ్యం డబ్బాలు, పాత సామాను అన్నీ అందులోకి తోసేస్తే వంటిల్లు ఊపిరి పీల్చుకుంటుంది."

"తోసెయ్యడానికి లక్షన్నరా? నేను ఆఫీసు గది చేసుకుందామనుకుంటున్నాను. ఫైళ్ళు ఇంటికి తెచ్చుకుంటే పెట్టుకోడానికి చోటేది?"

"ఫైళ్ళు అన్నం పెడతాయా?"

"నీ బియ్యం డబ్బాలు మాత్రం లోను కడతాయా ఏంటి?"

సరదాగానే వాదులాడుకున్నారు. మధ్యలో కూర్చుని అక్కయ్య చిక్కుడుకాయలు ఒలుస్తోంది. "ఏమంటారు వదినా, మీరే చెప్పండి," అని మరదలు ఆమెనే తీర్పు చెప్పమంది.

"మీ ఇష్టం," అంది అక్కయ్య. నీళ్ళు తాగడానికి లేచింది.

నాలుగో వారం మేస్త్రి బాత్రూము నేల తవ్వి చూసి, కింద గొట్టం మొత్తం కుళ్ళిపోయిందన్నాడు. టైల్స్ ధర పెరిగింది. పన్నెండు లక్షలు కాస్తా పద్నాలుగున్నర అయింది. ఆ రాత్రి భోజనాలయ్యాక తమ్ముడు ఎర్ర పెన్ను తీశాడు.

"వెనక గది ఎగిరిపోయింది," అంటూ పన్నెండో వరస మీద అడ్డంగా గీత గీశాడు. "ఇద్దరికీ లేదు, గొడవ వదిలిపోయింది. ఇంకా లక్ష తగ్గుతోంది. హాల్లో కొత్తగా వేయించే సీలింగ్ తీసేద్దామంటే మనసొప్పట్లేదు. అక్కా, ఒక మాట. నీ బ్యాంకు డిపాజిట్ గడువు ఈ నెల్లోనే కదా తీరేది? మూడు లక్షలు. అందులో లక్ష సర్దితే ఏడాదిలో తిరిగిచ్చేస్తాను."

ఇంతకు ముందెప్పుడు అడిగినా ఆమె నోటినుంచి వచ్చే మాట ఒకటే. 'తీసుకోరా.' ఫీజులకి, పెళ్ళికి, పిట్ట పుట్టినప్పుడు ఆసుపత్రికి, అదే మాట. ఇప్పుడు ముగ్గురూ దానికోసమే చూస్తున్నారు.

"ఆలోచించి చెప్తాను," అంది.

తమ్ముడు ఎర్ర పెన్నుకి మూత పెట్టేశాడు.

రెండు రోజుల తర్వాత ఇంకో సంగతి వచ్చింది. ఇల్లు తవ్వే మూడు నెలలూ అద్దెకుండాలి. పక్క వీధిలో రెండు గదుల వాటా దొరికిందని తమ్ముడు చెప్పాడు. "మేం ముగ్గురం లోపలి గదిలో సర్దుకుంటాం. ముందు గదిలో నువ్వూ, సామానూ."

"నేను రాను," అంది అక్కయ్య మెల్లగా. "గుండీలమ్మ వాళ్ళ మేడమీద గది ఖాళీగా ఉందిట. మాట్లాడి వచ్చాను. రేపు శనివారం మారిపోతాను."

ముందు ఎవరికీ అర్థం కాలేదు. "ఏదీ, నీ ఒక్కదానికా?" అన్నాడు తమ్ముడు నవ్వుతూ. ఆమె నవ్వలేదు.

"డబ్బడిగానని కోపం వచ్చిందా?"

"లేదు."

"నేనేమన్నా అన్నానా వదినా?" మరదలి మొహం పాలిపోయింది.

"ఎవరూ ఏమీ అనలేదు," అంది. ఆ మాటలో ఎంత నిజముందో ఆమెకి ఒక్కదానికే తెలుసు.

శనివారం మధ్యాహ్నం రెండింటికి గుండీలమ్మ తాళంచెవి చేతిలో పెట్టి కిందకి వెళ్ళిపోయింది. ఇనప మంచం, గోడకి నాలుగు మేకులు, వీధి వైపు కిటికీ. అక్కయ్య తలుపు వేసి గడియ పెట్టింది. మంచం మీద కూర్చుంది. ఎవరూ పిలవలేదు. చీర కుచ్చిళ్ళు కొంచెం పైకి లాక్కుని, రెండు కాళ్ళూ బారజాపి, పట్టపగలు వెల్లకిలా పడుకుంది. అలా పడుకుని పైకప్పు చూస్తుంటే తనకే నవ్వొచ్చింది.

మూడు రోజులు బాగానే గడిచాయి. నాలుగో రోజు సాయంత్రం ఒక్కదానికే అన్నం వండబోయి, చెయ్యి అలవాటుగా నలుగురికి బియ్యం కొలిచేసింది. గిన్నె ముందు పెట్టుకుని కూర్చుండిపోయింది. తమ్ముడు పొద్దున్నే గొంతు సవరించుకునే చప్పుడు, 'వదినా, ఉప్పు సరిపోయిందేమో చూడండి' అన్న మరదలి కేక, పిట్ట చెప్పులు టపటపలాడించుకుంటూ వచ్చి 'అత్తా, ఆకలి' అనడం, ఏవీ లేవు. ఇన్నేళ్ళూ తలుపు కోసం తపించింది. ఇప్పుడు తలుపు వేసుకుని కూర్చుని, దాని అవతలి మనుషుల మీద బెంగ పెట్టుకుంది. అయినా ఆ దివాన్ మీదికి తిరిగి వెళ్ళాలని మాత్రం అనిపించలేదు.

ఆదివారం పొద్దున తమ్ముడు, మరదలు మెట్లెక్కి వచ్చారు. తమ్ముడు వారం రోజులుగా కోపం మూటగట్టుకుని తెచ్చుకున్నట్టున్నాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"వీధిలో తల ఎత్తుకోలేకపోతున్నానక్కా. మీ అక్కయ్యని బయటికి పంపేశారట అని పక్కింటాయన మొహం మీదే అడిగాడు. నీకేం తక్కువ చేశాను? చెప్పు. తిండి తక్కువ చేశానా, మర్యాద తక్కువ చేశానా?"

"ఏదీ తక్కువ చెయ్యలేదురా."

"మరి ఈ గదేంటి? ఈ మేకులేంటి? సొంతిల్లు పెట్టుకుని అద్దె గదిలో ఉండే ఖర్మేంటి నీకు?"

అక్కయ్య మంచం మీది దుప్పటి కొస సవరించింది.

"నీ కాగితంలో పదకొండో నంబరు చూశాను. నా నడుంనొప్పి కూడా గుర్తుపెట్టుకుని రాశావు. సంతోషమే. కానీ వంటిల్లు మారుతుంది, బాత్రూములు మారతాయి, పైకప్పు మారుతుంది. నేను పడుకునే చోటు మాత్రం మారదు. ఇంక బతికినన్నాళ్ళూ నేను హాల్లోనే అని నువ్వు లెక్క కట్టేశావు. పరుపు మెత్తగా ఉంటుంది, అంతే."

"గది కావాలని నువ్వెప్పుడైనా అడిగావా అక్కా? ఒక్కసారి అడిగి ఉంటే..."

"అడగలేదు. పిట్ట అడిగిందా? పుట్టకముందే దాని గదికి రంగు వేయించావు."

తమ్ముడు గోడ మేకుల వైపు చూపు తిప్పుకున్నాడు.

"మొన్న వానాకాలంలో మీ ఆఫీసువాళ్ళు వచ్చారు, గుర్తుందా? ఆరోజు నాకు నూట రెండు జ్వరం. దివాన్ మీద పడుకుని ఉన్నాను. గేటు చప్పుడు విని, లేచి పక్క మొత్తం తీసేసి, వంటింట్లో బియ్యం డబ్బా మీద కూర్చున్నాను, వాళ్ళు వెళ్ళేదాకా. నువ్వు హాల్లోంచి కేకేశావు, అక్కా, అయిదు టీలు అని. పెట్టి ఇచ్చాను."

"జ్వరమని నాకు చెప్పలేదే," అన్నాడు. గొంతులో ఇందాకటి కోపం లేదు.

"చెప్పలేదు. కప్పులు అందించేటప్పుడు నా చెయ్యి నీకు తగిలింది. తెలుస్తుందనుకున్నాను."

కింద వీధిలో ఎవరో బండి స్టార్టు చెయ్యడానికి మళ్ళీ మళ్ళీ తన్నుతున్నారు.

మరదలు చేతిసంచి తెరిచింది. అందులోంచి మడతలు పడ్డ గోధుమరంగు కాగితం తీసి మంచం మీద పరిచింది. దాని మీద ఒక్కొక్కటే చిన్న ముక్కలు పెట్టింది. మంచం, బీరువా, టేబుల్, కుర్చీ. ముక్కల మీద అక్కయ్య గుండ్రటి అక్షరాలు, గది మూలన 'ఏడు బై తొమ్మిది' అని.

"దివాన్ సొరుగు సర్దుతుంటే దొరికాయి వదినా. ఈయనకి చూపించలేదు. మీరు మీ నోటితో చెప్పాకే చూపిద్దామనుకున్నాను." ఆమె కళ్ళనిండా నీళ్ళు. "ఈ కాగితం మీ సొరుగులో ఉండగానే, ఆ గదిలో బియ్యం డబ్బాలు పెట్టాలా ఫైళ్ళు పెట్టాలా అని మిమ్మల్నే తీర్పు అడిగాను."

"నీకేం తెలుసమ్మాయ్."

"తెలుసు వదినా. అదే నా బాధ. పెళ్ళయి వచ్చిన కొత్తలో మేం గది తలుపు వేసుకుంటుంటే, బయట మీరు ఒక్కరే దివాన్ మీద... నాకు సిగ్గుగా ఉండేది, కష్టంగా ఉండేది. ఈయనతో చెప్పాలని రోజూ అనుకునేదాన్ని. తర్వాత్తర్వాత అలవాటైపోయింది. పందొమ్మిదేళ్ళు. కళ్ళెదుటే ఉన్నా చూడ్డం మానేశాను."

తమ్ముడు మంచం ముందు నేలమీద కూర్చుండిపోయాడు. అరచేతంత కాగితం మంచాన్ని చేతిలోకి తీసుకుని చూశాడు. అమ్మ దగ్గుతుంటే చదువు సాగట్లేదని పదహారేళ్ళప్పుడు తను తలుపు వేసుకునేవాడు. తెల్లారుజామున తలుపు సందులోంచి టీ గ్లాసు లోపలికి వచ్చేది. గ్లాసు పట్టుకున్న చెయ్యి తప్ప మనిషి కనబడేది కాదు. ఆ చెయ్యి తర్వాత ఎక్కడికి వెళ్ళి పడుకునేదో అతను ఒక్కసారి కూడా అనుకోలేదు. అనుకోకుండానే చదివి, పాసై, ఉద్యోగం తెచ్చుకుని, ఊరందరి నష్టాలూ అణా పైసలతో లెక్క కట్టాడు.

"అక్కా," అన్నాడు. ఆమె మోకాలి మీద నుదురు ఆనించాడు. నలభై నాలుగేళ్ళ మనిషి భుజాలు కదిలిపోతున్నాయి. అక్కయ్య అతని జుట్టులో వేళ్ళు పెట్టి, చిన్నప్పట్లాగే దువ్వినట్టు సర్దింది. ఆమెకీ కన్నీళ్ళు ఆగలేదు. తుడుచుకోడానికి కూడా ప్రయత్నించలేదు.

కాసేపటికి అతను మొహం తుడుచుకుని, జేబులోంచి లెక్కల కాగితం తీశాడు. "సీలింగ్ కొట్టేస్తున్నాను. వంటింటి గ్రానైటు కూడా..."

"గ్రానైటు తీసెయ్యండి, గట్టు ఎత్తు మాత్రం ఉంచండి," అంది మరదలు ముక్కు చీదుతూ. అక్కయ్యకి నవ్వొచ్చింది.

"ఏదీ, ఇటివ్వు ఆ కాగితం," అంది. "గదికి లక్షన్నర నేనిస్తాను. ఒద్దనకు. అది నా డబ్బుతో లేవాలి. మిగతా నా డిపాజిట్ జోలికి రాకు, ఈసారి అడిగినా ఇవ్వను. ఇంక ఈ టైల్స్ లెక్కేంటి? హాలుకి ఇన్ని ఎందుకు రాశాడు?"

"ముక్కలు కోస్తే వృథా పోతుందని వందకి పదిహేను ఎక్కువేశాడు మేస్త్రి."

"పదిహేనా? గుడ్డ కోసేటప్పుడు నేను అంత పారేస్తే మా యజమాని నన్ను ఎప్పుడో ఇంటికి పంపేవాడు." గోధుమరంగు కాగితం వెనక్కి తిప్పి, సుద్ద తీసుకుని హాలు గీసింది. టైల్స్ గుమ్మం దగ్గర కాకుండా ఎదురుగోడ మూలనుంచి మొదలుపెట్టి, మిగిలిన ముక్కల్ని బాత్రూము అంచులకి వాడితే ఎన్ని తగ్గుతాయో చూపించింది. గంటసేపు ముగ్గురూ ఆ మంచం చుట్టూ వంగి కూర్చున్నారు. మర్నాడు ఆ కాగితం చూసి మేస్త్రి చెవి సందు పెన్సిలు తీసి తల గోక్కున్నాడు.

"ఈ అక్కగారు ఇంట్లో ఉండగా నన్నెందుకు పిలిచారు సార్? నా కడుపు కొట్టడానికా?" అన్నాడు. ఇచ్చిన లెక్క ప్రకారమే వేశాడు. ముప్పై వేలు మిగిలాయి.

పని మూడు నెలలన్నది నాలుగైంది. అక్కయ్య రోజూ కార్ఖానా నుంచి వస్తూ దారిలో ఇల్లు చూసి వచ్చేది. నాలుగో గోడ లేచింది. కిటికీ బిగించారు. తలుపు పెట్టే రోజు మేస్త్రి అడిగాడు.

"గడియ ఎటువైపమ్మా? లోపలా, బయటా?"

"లోపల," అంది అక్కయ్య.

ఇల్లు చేరిన రోజు శనివారం. సామాను సర్దుకోడంతోనే పొద్దుపోయింది. మంచం కిటికీ పక్కన, బీరువా తల వైపు, కాగితం మీద పెట్టినట్టే పట్టింది. పిట్ట తన కుండీల్లో ఒకటి తెచ్చి కిటికీలో పెట్టింది. "నా బాల్కనీలో సగం నీకిస్తున్నానత్తా," అంది.

ఆదివారం అక్కయ్య కళ్ళు తెరిచేసరికి కిటికీ నిండా ఎండ ఉంది. ఎక్కడున్నదీ ఒక క్షణం తెలియలేదు. గోడ గడియారం చూసింది. తొమ్మిదింపావు. జ్ఞానం వచ్చాక అంతసేపు నిద్రపోయిన రోజు లేదు. పాలు, టీలు, వంట, అన్నీ ఒక్కసారి మీదపడ్డట్టు గబగబా జుట్టు ముడేసుకుని తలుపు తీసింది.

ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ఎవరూ లేరేమో అనుకుంది. హాల్లోకి వచ్చి చూస్తే ముగ్గురూ ఇంట్లోనే ఉన్నారు. పిట్ట నేలమీద కూర్చుని, చప్పుడు లేని టీవీలో కదిలే బొమ్మలు చూస్తోంది. వంటింట్లో మరదలు కుక్కరు జోలికి పోకుండా, గిన్నెలో అన్నం వండి, మూత కూడా గుడ్డతో పట్టుకుని దింపుతోంది. తమ్ముడు చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, పాల ప్యాకెట్లతో వీధి గుమ్మంలోంచి మునివేళ్ళ మీద లోపలికి వస్తున్నాడు. ఆమెని చూసి అలాగే ఆగిపోయాడు.

"ఇంత పొద్దెక్కిందాకా నన్ను లేపలేదేంట్రా?" అంది అక్కయ్య.

తమ్ముడు చెప్పులు మెల్లగా కింద పెట్టాడు.

"తలుపు వేసుంది కదక్కా," అన్నాడు.